చీనీకాయలకు పట్టుచీరలు

పులివెందుల,
6 ఆగస్టు 2024

అక్కా,

నీ తమ్ముడు శరత్ చంద్ర రాస్తాండా. ఫోన్లో మనిద్దరం ఒకేసారి మాట్లాడతామని, వినేటోళ్ళు ఎవరూ ఉండరని బావ మనకు ఫోన్ బంద్ చేసినాక ఇది మొదటి ఉత్తరం. ఆయన చెప్పింది న్యాయమే. కాగితమైతే ఒకరు రాసేటప్పుడు ఇంకొకరు నోరు మూసుకోనుండల్ల. అల్లాబక్ష్ ఎట్లాగూ దినామూ ప్రొద్దుటూరుకూ పులివెందులకూ వ్యాను తోల్తాండాడు గదా, వాని చేతికే ఇస్తాండా. నీ మోకాలు నొప్పి ఎట్లుండాది? బావకు ఆ దగ్గు పోయిందా?

ఇంక ఈడి సంగతి. శ్రావణమాసం మొదలైనా మన బట్టలంగట్లో పురుగు లేదు. పక్కన టైలర్ అమీర్ బాషా మిషన్ మీద తలకాయ పెట్టి గురక పెడతాండాడు. ఎందుకంటావా? చీనీకాయల రేటు పడిపాయ, మార్కెట్లో బత్తాయి అడిగే దిక్కు లేదు. తొండూరు పక్క రైతులు కోత కూలి కూడా రాదని కాయలు చెట్లకే ఇడ్సిపెట్టినారు. వాళ్ళకాడ దుడ్లు లేకపోతే చీర ఎవరు కొంటారు?

నేను ఈ మాట అనుకుంటాండంగానే గురురాజారావు సార్ వచ్చినాడు. జమ్మలమడుగులో ఎకనామిక్స్ చెప్పి రిటైరైనాడు. కూతురు మహతి ఈడ టీచరు, ఆ పాపను చూడ్డానికొచ్చి పంచె కొందామని మన అంగడెక్కినాడు. "ఏం శరత్ చంద్రా, గిరాకీ లేదా?" అన్నాడు. "లేదు సార్, మా అంగడికి ఏదో జబ్బు చేసింది" అన్న్యా. "జబ్బు నీ అంగడికి కాదు నాయనా, తోటకు వచ్చింది. నీ అంగడికి జ్వరం తెలుస్తోంది, అంతే" అని కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా లేయలేదు.

అక్కా, ఆయన చెప్పింది విని నాకు ఒళ్ళు జలదరించింది. దేశం సంపాదనంతా నేలలోంచి ఊరతాదంట. పంట, పాలు, బొగ్గు, ఇనుపరాయి, ఇట్లాంటి ముడిసరుకు మొట్టమొదట ఏ ధరకు అమ్ముడు పోతాదో, దాన్ని బట్టే మిగతా జనమంతా సంపాదించేది. రైతు చేతిలో పడిన రూపాయి నా చేతికొస్తాది, నాకాడి నుంచి టైలరుకు, టైలరు నుంచి కిరాణా అంగడికి, ఇట్ల చేతులు మారి మారి ఏడు రూపాయల పని చేస్తాదంట. "ఏడే ఎందుకు సార్, ఆరు కాకూడదా?" అని అడిగినా. "కొందరు ఐదంటారు. నేను ఏడంటాను" అన్నాడు. రైతుకు రేటు తగ్గిస్తే ఏడింతలు మనకే తగ్గినట్టు. ఆ గుంత పూడ్చను దేశం అప్పులు చేస్తాదంట. ఇంతా చెప్పి పంచె కొనకుండానే పాయ.

నేను పొద్దుగూకులూ ఆలోచించినా. నాయన కాలంలో రైతు రెండు గంపల చీనీకాయలు అమ్మితే భార్యకు చీర కొని, మిగిలిన దుడ్లతో దోసె తిని ఇంటికి పోతాండె. ఆ ధరే న్యాయమైన ధర. ఇంక ప్రభుత్వం చేస్తాదని ఎదురు చూసేది లేదు, నేనే మొదలు పెడతా. అంగడి ముందర బోర్డు రాయించినా: "రెండు గంపల చీనీకాయలు తెచ్చినవారికి ఒక చీర ఇవ్వబడును." తోటకూ అంగడికీ నడుమ ఉండే సంబంధాన్ని నిలబెట్టల్ల, అంతే. మా పాప అమూల్య డిగ్రీ అయిపోయి మన అంగడి కంప్యూటరు చూసుకుంటాంది గదా, బోర్డు చూసి తల పట్టుకునింది. చిన్నపిల్ల, దానికేం తెలుసు.

అక్కా, ఇది మన పాత సంబంధం. నడుమలో తెగిపోయింది. దాన్ని మళ్ళీ కలుపుకుందామని నా మనసు. శుభంగా మొదలు కావల్లని పసుపు కుంకుమ పెట్టి, తమలపాకులు పెట్టి మొదటి గంప పండ్లు మీ ఇంటికే పంపిస్తాండా. నువ్వు ఊఁ అంటే చీరలు కూడా అవసరం పడతాయి.

బదులు కోసం అంగడి మెట్ల మీద కూర్చోనుండే
శరత్


ప్రొద్దుటూరు,
9 ఆగస్టు 2024

ఒరే శరతూ,

గంప అందింది. అల్లాబక్ష్ దాన్ని దించేటప్పుడే పసుపు కుంకుమ చూసి దేవుని ముందర దీపం పెట్టినా. నీ ఉత్తరం శానా పొడుగుండాదిరా. మొదటి పేజీ చదివినా, కడపటి పేజీ చదివినా. నడుమ పేజీల్లో బొగ్గు, ఇనుపరాయి అని కనిపిస్తే అవి మొగోళ్ళ మాటలని మీ బావ జోబీలో పెట్టినా. ఆయన చొక్కా చాకలికి పాయ.

పాత సంబంధం మళ్ళీ కలుపుకుందామని రాసినావు. కండ్లలో నీళ్ళు తిరిగినాయిరా. నేను ఈ మాట నీ నోట్లో నుంచి రావల్లని ఎన్నేండ్ల నుంచి కాసుకోనుండానో ఆ అమ్మవారికే తెలుసు. పిల్లోల్లు ఊయల్లో ఉన్నప్పుడే అనుకున్యా. పేర్లు పెట్టి రాయను, దిష్టి తగులుతాది. మాకు సమ్మతమే. మీ బావ కూడా "వాడు ఇన్నాళ్ళకు బుద్ధిగా ఆలోచించినాడు" అన్నాడు.

చీరలు అవసరం పడతాయంటివి. అది నువ్వు చెప్పల్లనా? ప్రొద్దుటూరులో బట్టలు హోల్‌సేలు యాపారం చేసేటోళ్ళం, మా మర్యాదకు తగ్గట్టు పంపుతాం. నేనే కూర్చోని ఏరినా. అన్నీ పట్టువే. నెమలిపింఛం రంగుది ఒకటుండాది, ఆవపువ్వు రంగుకు ఎర్రంచుది ఒకటుండాది, అవి మంచోళ్ళకు ఇయ్యి. పెద్దోళ్ళకు ముందు, తర్వాత వరసలో ఉండేటోళ్ళకు. ఎవరినీ చిన్నబుచ్చకు. పిల్లోల్లకు ఇప్పుడే ఏమీ చెప్పొద్దు. మా సాయినాథ్‌కు చెప్పినానంటే ఊరంతా స్టేటస్ పెడతాడు.

మోకాలు అట్లనే ఉండాది. ఈ సంతోషంలో నొప్పి తెలీలేదు. మెట్లెక్కినాక తెలిసింది.

నీ మేలు కోరే
పుష్పక్క


పులివెందుల,
17 ఆగస్టు 2024

అక్కా, బావా,

మీ ఇద్దరికీ సాష్టాంగం. నేను నూలు చీరలు పంపుతారనుకుంటి. పట్టుచీరలు! మూట ఇప్పినప్పుడు నీ మరదలు ఒక్కొక్క చీరా ఎత్తి చూసింది. "మీ అక్కకు ఏమన్నా అయిందా?" అనింది. "మా అక్కకు సంగతి అర్థమైంది, నీకే కాలేదు" అన్న్యా. సార్‌కు కూడా ఫోన్ చేసి చెప్పినా. "ప్రొద్దుటూరు హోల్‌సేల్ వ్యాపారులే ఒప్పుకున్నారా!" అని శానా ఆశ్చర్యపోయినాడు.

వరలక్ష్మీ వ్రతానికి ముందే చీరలు ఎవరికి చేరల్లో వాళ్ళకు చేరినాయి. నువ్వు చెప్పినట్టే పెద్దోళ్ళకు ముందిచ్చినా. ఆవపువ్వు రంగుది తీసుకున్నామె దాన్ని గుండెకు అదుముకోని ఏడ్చింది. "మా బతుకులో ఇట్లాంటిది కట్టలేదు" అనింది. నాకూ ఏడుపొచ్చింది. ఇంక మాట పాకిపాయ. పొద్దున తలుపు తీస్తే చాలు, గంపలతో మనుషులు. ఇల్లంతా పండ్లే అక్కా. పడకింట్లో పండ్లు, మిద్దె మీద పండ్లు. నేనూ నీ మరదలూ వరండాలో పండుకుంటాండాం. దినామూ చీనీ రసం, చీనీ ఊరగాయ. నిన్న సంకటిలోకి చీనీ పచ్చడి చేసింది. ఎవరూ మారు పెట్టించుకోలేదు.

ఇంకా శానామంది మిగిలినారు. ఇంకొక మూట పంపు. ఇచ్చినోళ్ళకు ఇచ్చి, ఇయ్యనోళ్ళను చిన్నబుచ్చకూడదు గదా.

ఎగిరి గంతేస్తాండే
శరత్


ప్రొద్దుటూరు,
20 ఆగస్టు 2024

శరతూ,

మా మరదలి పక్క అంతమంది చుట్టాలుండారని నాకు ఇన్నేండ్లూ తెలీదురా. పోనీలే, వాళ్ళ సంతోషమే మన సంతోషం. ఇంకొక మూట పంపినా. మీ బావ గొణిగినాడు. "శుభమా అని పెట్టేటప్పుడు గొణగొద్దు" అన్న్యా. ఆయన గొణిగేది ఆపి దగ్గినాడు.

ఇంటినిండా పండ్లు పెట్టుకోని వరండాలో పండుకునే ఆనందం నాకు అర్థమైతాంది. మన పెండ్లిండ్లప్పుడూ అంతే. అంతా వచ్చి పోసి పోతారు.

శ్రావణం దాటితే భాద్రపదం, మళ్ళీ మంచిరోజులు యాడ దొరకతాయి? 30వ తేదీ శుక్రవారం బాగుండాదని అయ్యవారు చెప్పినాడు. మేం నలుగురైదుగురం వస్తాం. నువ్వు మీ పక్కోళ్ళను అందరినీ పిలువు. అందరి ముందర మాట అనుకుంటే గట్టిగా ఉంటాది. పండ్లు సిద్ధంగా పెట్టు.

ఒక మాట అడగల్ల. పిల్ల చెవిన ఏసినావా? ఏమంటాది?

పుష్పక్క


పులివెందుల,
24 ఆగస్టు 2024

అక్కా,

30వ తేదీ దివ్యంగా ఉండాది. సభ పెడదామని నాకూ మనసులో ఉండె, నువ్వే అన్న్యావు. అందరినీ పిలిచినా. తొండూరు పక్క నుంచి ట్రాక్టర్లలో వస్తామన్నారు. గురురాజారావు సార్ పెద్దరికం వహిస్తాడు. షామియానా, మైకు చెప్పినా. పండ్ల గురించి నువ్వు దిగులు పెట్టుకోవద్దు. దయచేసి పెట్టుకోవద్దు.

అమూల్య సంగతి అడిగినావు. దానికి అన్నీ తెలుసు. మొదటి నుంచీ వద్దనే అంటాంది. లెక్కలేసి చూపించి "ఇది మునిగిపోయే యవ్వారం నాయనా" అంటాంది. ఇల్లు చూస్తే వాంతికొస్తాందంట. నేను ఒప్పిస్తాలే.

నువ్వు మైకులో రెండు మాటలు మాట్లాడల్ల. నీ మాటంటే వాళ్ళకు గురి.

శరత్

తా.క. వచ్చేటప్పుడు ఖాళీ సంచులు ఎన్ని దొరికితే అన్ని తీసుకురాండి.


ప్రొద్దుటూరు,
26 ఆగస్టు 2024

శరతూ,

పిల్ల వద్దంటే దిగులెందుకురా. వయసులో అందరం అట్లే అంటాం. నేను మీ బావను మొదటిసారి చూసి మునిగిపోయే యవ్వారమనే అనుకున్యా. ఇప్పుడు చూడు, దగ్గు తప్ప ఏ లోపమూ లేదు. లెక్కలేందిరా? జాతకం దాని చేతికిచ్చినావా? ఆ పని అయ్యవారు చూసుకుంటాడు.

మైకులో మాట్లాడమంటే సిగ్గైతాంది. అయినా మాట్లాడతా.

సంచులు ఎందుకో తెలీలేదు గానీ తెస్తా.

అక్క


ప్రొద్దుటూరు,
31 ఆగస్టు 2024

శరత్ చంద్రా,

ఒరే అని పిలిచే ఓపిక కూడా లేదు. నిన్న రాత్రంతా కూర్చోని ఏడ్చి, ఇప్పుడు రాస్తాండా. నువ్వు ఈ ఉత్తరం నడుమలో దాటేయకుండా చదువు. నేను దాటేసినందుకు నాకు శాస్తి జరిగింది.

అల్లాబక్ష్ వ్యానులోనే గదా బయలుదేరినాం. నేను, మీ బావ, సాయినాథ్, మా ఆడబిడ్డ. ఒళ్ళో పసుపు కుంకుమ పళ్ళెం. ముద్దనూరు దాటి తొండూరు పొలాలకాడికి వచ్చినాం. చెనిక్కాయ చేన్లో ఆడోళ్ళు కలుపు తీస్తాండారు. ఎండకు ఏందో తళతళ మెరుస్తాంది. మా ఆడబిడ్డ "వదినా, ఈడి కూలోళ్ళు పట్టుచీరలు కడతారే!" అనింది. నేను నవ్వినా. తర్వాత చూసినా. నెమలిపింఛం రంగు. నేను ఏరిన నెమలిపింఛం! కుచ్చిళ్ళు ఎగదోపి, మట్టిలో మోకాళ్ళ మీద కూర్చోనుండాది.

వ్యాను ఆపిచ్చి గట్టెక్కినా. మోకాలు సంగతి కూడా గుర్తు లేదు.

"ఏమ్మా, ఈ చీర యాడిది?" అన్న్యా.

"పులివెందుల అంగట్లో చీనీకాయలకు ఇచ్చినారుమ్మా. రెండు గంపలకు ఒకటి."

"రెండు గంపలకా!"

"ఆ. ఎండకు చల్లగా ఉంటాదనుకుంటి గానీ ఒకటే ఉక్క. నీకు కావల్లంటే చెప్పు, మా తోటలో కోసుకోని పో, ఆయప్ప అడక్కుండా ఇస్తాడు."

నేను పళ్ళెం పట్టుకోని గట్టు దిగినా. మీ బావ వ్యానులో నుంచి "ఏమంట?" అని అరిచినాడు. "ఏం లేదు, ఉక్కంట" అన్న్యా.

సరే, అయినా మా తమ్ముడు చుట్టాల చీరలు అమ్ముకున్నాడేమో, పెండ్లి మాట నిజమే గదా అని మనసు కుదుట పరుచుకోని వచ్చినా. మీ వీధిలో షామియానా. దానికి బ్యానరు. "ముడిసరుకు న్యాయధర మహాసభ." నేను దాన్ని కూడా మింగినా. అయ్యవారు ఏదన్నా కొత్త పూజ చెప్పినాడేమో అనుకున్యా. నువ్వు మైకు నా చేతికిచ్చి "మా అక్క ఒప్పుకోని వచ్చింది!" అన్న్యావు. ట్రాక్టర్లలో ఉండేటోళ్ళంతా చప్పట్లు కొట్టినారు. నేను మురిసిపోయి "ఈ పొద్దు నుంచి మన రెండిండ్లూ ఒకటి" అన్న్యా. మళ్ళీ చప్పట్లు. అప్పుడు గదా ఆ మీసాలాయన లేసి "రేటు ఎంత కడతావమ్మా?" అని అడిగినాడు.

నేనేమన్న్యా? గుర్తుందా? "రేటు కట్టి తెచ్చుకునే అలవాటు మా ఇంట్లో లేదప్పా, మనస్ఫూర్తిగా ఉత్తగనే తీసుకపోతాం" అన్న్యా.

వాళ్ళు కుర్చీలు ఎత్తినారా లేదా? "ఉత్తగనే తీసుకపోతాదంట! ప్రొద్దుటూరోళ్ళ బుద్ధి చూడు!" అని ఆడోళ్ళు నా పట్టుచీరలు కట్టుకోని నన్నే తిట్టినారు. నేను ఏడుస్తా "పిల్లను రా, పిల్లను!" అంటే, మీ గురురాజారావు సార్ నా పక్క తిరిగి "అమ్మా, పిల్ల ముడిసరుకు కిందికి రాదు" అన్నాడు. ఆయన్ను ఏమీ అనలేకపోయినా. పెద్దాయన.

కడాకు అమూల్య నా కండ్లు తుడిచి, "అత్తా, సాయి మంచోడే. కానీ నా ఫోన్ ఛార్జరు కూడా వానికియ్యను, ఇరగ్గొడతాడు. పెండ్లి యాడ చేసుకునేది?" అనింది. మా వాడేమో "అమ్మా, నన్ను అంగడి లెక్క చూడల్లని గదా తీసుకొచ్చినావు!" అని ఆ చీనీకాయల కుప్ప మీద పడి పొర్లి నవ్వినాడు. నవ్వి నవ్వి కుప్ప జారింది. మీ బావ దాని కింద పడినాడు. ఈ పొద్దు దాకా ఆయన చెవిలో నుంచి గింజలు వస్తాండాయి.

రెండు మూటల పట్టుచీరలు! చుట్టాల ముందర నా ముఖం! నాకు తమ్ముడు లేడనుకుంటా.

పుష్పావతి


పులివెందుల,
5 సెప్టెంబరు 2024

అక్కా,

నువ్వు లేడనుకున్నా రాస్తాండా. కాళ్ళు పట్టుకుంటా. నేను సంబంధం అని రాసింది తోటకూ అంగడికీ ఉండే సంబంధం. ఆ ముక్క నేను నడుమ పేజీలో పెట్టినా, అదే నా తప్పు. అయితే నువ్వు కూడా "సమ్మతమే" అని రాసేటప్పుడు దేనికో ఒక మాట రాసుంటే బాగుండు. దిష్టి తగిలేది ఎట్లాగూ తగిలింది.

నా మాట నమ్ముతావో లేదో, సార్ చెప్పింది అబద్ధం కాదక్కా. చీరలు అందిన ఆడోళ్ళంతా రవికెలకని అమీర్ బాషాకాడికి పోయినారు. రవికె కుట్టను దుడ్లిచ్చినారు. వాడు రాత్రీ పగలూ కుట్టి, వాళ్ళావిడ హసీనాకు గాజులు కొనిచ్చినాడు. గాజులంగడాయన మిద్దెకు సున్నం కొట్టిస్తాండాడు. సున్నం కొట్టేటోడు ఇంటికి కోడి తీసుకపోతాండాడు. వీధంతా ఒక కళ వచ్చింది. దుడ్లు నా కండ్ల ముందర ఏడు చేతులు తిరిగినాయి. నా చేతికి మాత్రం రాలేదు. నా చేతిలో చీనీకాయలుండాయి.

ఉండాయి అంటే ఉండె. అన్నీ కుళ్ళిపాయ. వీధిలో అడిగినోళ్ళకు, అడగనోళ్ళకు పంచినా. మొదట్లో సంతోషంగా తీసుకున్యారు, తర్వాత నన్ను చూసి తలుపులేసుకున్యారు. మిగతావి ట్రాక్టరుకెత్తి దిబ్బలో పోసి వచ్చినాం. పడకింట్లో ఇంకా ఆ వాసన. నీ మరదలు నాతో మాట్లాడతాండాది గానీ, "పండు" అనే మాట నా నోట వస్తే లేసి పోతాంది.

సార్ ఇంటికి, జమ్మలమడుగుకు పోయినా. "సార్, మీరు చెప్పినట్టే చేసినా. ఇప్పుడేం చెయ్యల్ల?" అంటే, ఆయన కండ్లద్దాలు తుడుచుకోని "నేను చెప్పింది దేశానికి నాయనా, నీకు కాదు. దేశమంతా ధర కట్టాలి. ఒక్కడు కడితే వాడి దగ్గరికి పండ్లొస్తాయి" అన్నాడు. "ఆ మాట ఆ పొద్దే చెప్పుంటే బాగుండు సార్" అన్న్యా. "నువ్వే దేశమనుకుంటావని నేననుకోలేదు" అన్నాడు. మంచాయన, కాఫీ ఇచ్చినాడు. పంచె మాత్రం ఇంకా కొనలేదు.

అంగట్లో అలమారాలు ఖాళీ. నిన్న షట్టరు దించేసినా. నాయన పెట్టిన అంగడి, నేను దించినా. తాళంచెవి నాయన పటం కాడ పెట్టినా అక్కా. ఎర్రగుంట్లలో సిమెంటు లారీల లెక్క రాసే పనుండాదంట, పోదామనుకుంటాండా. బావ చెవికి నూనె పోయండి.

శరత్


ప్రొద్దుటూరు,
14 అక్టోబరు 2024

శరతూ,

నెల దాటింది, నేను రాయలేదు. రాయకూడదనే అనుకున్యా. దసరా అయిపోయినాక ఇప్పుడు కూర్చున్యా, కాళ్ళు రెండూ నీళ్ళ బకెట్లో పెట్టుకోని. ఎందుకో చదువు. ఈసారి నడుమలో ఏమీ దాచిపెట్టలేదు.

ఢిల్లీ పక్క జ్వరాలు ఎక్కువైనాయంట గదా. ఆడ అందరికీ డాక్టర్లు చీనీ రసం తాగమన్నారంట. అల్లాబక్ష్ చెప్పినాడు, మీ పక్క తోటల్లోకి ఉత్తరాది వ్యాపారులు లారీలేసుకోని వచ్చి పోటీ పడి కొన్నారంట, రేటు ఎక్కడికో పాయంట. "అయితే మా తమ్ముడు బాగుపడినాడా?" అని అడిగినా, నోరు ఊరుకోక. వాడు నవ్వు ఆపుకోలేక బండి పక్కకాపినాడు. "అమ్మా, లారీలొచ్చేదానికి రొంత ముందే ఆయప్ప కాయలన్నీ దిబ్బలో పోసినాడు" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. నీ మీద కోపం ఉన్నదాన్ని, నవ్వకూడదని పెదవి కొరుక్కున్యా.

నవరాత్రుల్లో అమ్మవారిశాలకాడ జనం ఎట్లుంటారో నీకు తెలుసు. మా అంగడి ముందర ఒక ట్రాక్టరు ఆగింది. దాంట్లో నుంచి ఆడోళ్ళు దిగినారు. "చీనీకాయల అప్ప వాళ్ళక్క అంగడి ఇదేనా?" అన్నారు. నేను లోపలికి పోయి దాంకుందామనుకున్యా, మళ్ళీ తిడతారని. ముందర నిలబడినామె ఆవపువ్వు రంగు చీర కట్టుకోనుండాది. "మైకులో మాట్లాడిన అమ్మ ఈమేలే!" అని పట్టుకునింది.

"మళ్ళీ ఏందమ్మా?" అన్న్యా.

"చీరలు కావల్లమ్మా. ఈసారి దుడ్లు తెచ్చినాం" అనింది.

ఆ ట్రాక్టరు పోతే ఇంకొక ట్రాక్టరు. పెద్దోళ్ళకు నేత చీరలు, పిల్లోల్లకు డ్రస్సులు, మొగోళ్ళకు పంచెలు. సభలో రేటడిగిన మీసాలాయన కూడా వచ్చినాడు, "ఉత్తగనే ఇస్తావా తల్లీ?" అని నవ్వి, పెండ్లానికి రెండు కొన్నాడు. మా పక్క బంగారం అంగడాయన కూడా తీరిక లేక తిండి తినలేదు. ఎదురుగా దోసెలాయన పిండి అయిపోయి అంగడి మూసినాడు. మీ బావ దగ్గేది మర్చిపోయినాడు. సాయినాథ్ ఫోన్ చూడలేదు, నమ్ముతావా? వాని ఫోన్లో ఛార్జింగ్ లేదంట, అదొకటి.

రాత్రి గల్లా మూసినాక మీ బావ అన్నాడు, "వాడు చెప్పింది అబద్ధమేం కాదు పుష్పా. తొండూరులో కాయకు ధర వస్తే ప్రొద్దుటూరులో మనకు అన్నం వస్తాంది. ధర రాకపోతే ఆగస్టులో మాదిరి ఈగలు తోలుకుంటా కూర్చుంటాం. ఇన్నేండ్లు యాపారం చేసి నేను గిరాకీ మన బోర్డు చూసి వస్తాదనుకుంటి." ఆయన చొక్కా జోబీలో నీ నడుమ పేజీలు చాకలికి పోయి ముద్దైనాయి గానీ, ఆయన అంతకు ముందే చదివినాడంట. చదివి నాకు చెప్పలేదు! దాని మీద మాకు ఒక రోజు గొడవైంది.

అయితే ఇంకొక సంగతి చెప్పల్ల. ఆ ఆవపువ్వు చీరామెను అడిగినా, "ఇంత దూరం ఎందుకొచ్చినారమ్మా, పులివెందులలో అంగళ్ళు లేవా?" అని. "ఆయప్ప అంగడికే పోయినామ్మా, షట్టరు దించేసినాడు" అనింది. చీర కొంగు సర్దుకోని, "మా కాయ రోడ్డు మీద పోస్తాంటే ఎవరూ తొంగి చూడలేదు. ఆయప్ప పట్టుచీర ఇచ్చినాడు. ఈ పొద్దు దుడ్లుండి పోతే ఆయప్ప లేడు" అనింది. నేను బిల్లు రాసేది ఆపి లోపలికి పోయినా. ముఖం కడుక్కోని వచ్చినా. ఆమెకు రవికె గుడ్డ ఊరికే ఇచ్చినా. మీ బావకు చెప్పొద్దు.

నువ్వు లారీల లెక్క రాయను పోయినావా?

అక్క


పులివెందుల,
17 అక్టోబరు 2024

అక్కా,

నీ ఉత్తరం చేతికందంగానే నీ మరదలూ నేనూ అమూల్యా ముగ్గురం గట్టిగా చదువుకున్యాం. ప్రతి పేజీ.

పోలేదు. ఎర్రగుంట్లకు పోయినా గానీ వాళ్ళు "ఇంతకు ముందు ఏం చేస్తాంటివి?" అని అడిగితే చెప్పినా. అంతా చెప్పినా. గేటుకాడి వాచ్‌మన్‌ను కూడా పిలిచి వినిపించినారు. పని ఇయ్యలేదు, టీ ఇచ్చినారు.

ఆ ఆవపువ్వు చీరామె అన్న మాటకు నాకు రాత్రి నిద్ర రాలేదు. అంగడి తెరవల్లని ఉండాది. దీపావళి ముందరుండాది. అలమారాలో చీర లేదు, నిన్ను అడిగే ముఖం లేదు. అందుకే ఒక ఉపాయం ఆలోచించినా. జమ్మలమడుగు పక్క రైతులు శనగలు గోదాముల్లో పెట్టుకోని రేటు కోసం ఎదురు చూస్తాండారంట. శనగలైతే కుళ్ళవు గదా అక్కా! ఒక బస్తాకు ఒక

(ఈడ అమూల్య కాగితం లాక్కునింది. మళ్ళీ తీసుకోని రాస్తాండా.) ఏం లేదక్కా. మీరు బాగుండారా? మేం బాగుండాం.

శరత్


ప్రొద్దుటూరు,
19 అక్టోబరు 2024

శరతూ,

శనగల జోలికి పోయినావంటే కాళ్ళిరగ్గొడతా. ఇంట్లో నుంచి కదలొద్దు.

దీపావళి సరుకు కట్టించినా. నూలువి, నేతవి, పిల్లోల్లవి. పట్టువి అడుగున పెట్టినా, వాటిని నేను చెప్పేదాకా తాకొద్దు. మీ బావ గొణగలేదు. గొణిగేలోపల మూట వ్యానెక్కించినా. సాయినాథ్‌ను కూడా తీసుకొస్తాండా, కొత్త ఛార్జరుతో. పెండ్లి మాట ఎత్తను. వాడూ అమూల్యా కలిసి లెక్క చూసుకుంటారు, నేను దానిక్కూడా పేరు పెట్టి పిలవను.

ఈ ఉత్తరం అల్లాబక్ష్ చేతికిస్తాండా గానీ వాని పక్కన కూర్చునేది నేనే. నువ్వు ఇది చదివేటప్పటికి నీ అంగడి ముందర నిలబడుంటా, బిన్నా వచ్చి తొందరగా షట్టరెత్తు. మోకాలు బాగలేదు, నిలబెట్టొద్దు. దీపావళి దాకా గల్లా దగ్గర నేను కూర్చుంటా. నువ్వు లోపల మూల కుర్చీలో కూర్చోని దేశాన్ని బాగు చెయ్యి.

నీ
పుష్పక్క